గూడెం నోట్సు – 14: వణికే చెయ్యి



పోయిన ఆదివారం సభ వీడియో పెట్టాను కదా. దాని కింద ఒక తమ్ముడు కామెంట్ రాశాడు. "స్టేజీ ఎక్కే రోజన్నా మందు మానెయ్యి అన్నా, చెయ్యి వణుకుతోంది." దానికి నవ్వే బొమ్మలు నలభై దాకా పడ్డాయి. మన పిల్లలు కొందరు అతని మీదికి పోతుంటే నేనే ఆపాను. అతను పగవాడేం కాదు. మన సభలకు వచ్చేవాడే, జెండా కట్టినవాడే. అతనికి అనిపించింది అతను రాశాడు.

కానీ ఆ మాట నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు. నలభై ఏళ్ల కిందట మా నాయనను ఊరంతా అన్న మాట అది. ఇప్పుడు మన వాళ్ల నోట, నా మీదికి వచ్చింది.

అదే వీడియో చూసి ఒక చెల్లెలు ఇన్‌బాక్స్‌లో వేరే ప్రశ్న అడిగింది. "సార్, మైకు పట్టుకున్న కుడి చెయ్యి రాయిలా ఉంది. కాగితం పట్టుకున్న ఎడమ చెయ్యే వణుకుతోంది. ఎందుకు?" ఆ చెల్లెలు నర్సింగ్ చదువుతోంది. చూడటం నేర్చుకుంటోంది. మీ అందరికీ జవాబు ఆ ప్రశ్నతోనే మొదలుపెడతాను.

నా మెదడు ఎడమ భాగంలో ఒక సన్నటి తీగ ఉంది. అది చెవి వెనక నుంచి, మెడ చర్మం కింద నుంచి దిగి, కుడి చేతిని నిలబెట్టడానికి నా ఛాతీలో పెట్టిన బ్యాటరీని కలుస్తుంది. ఎడమ చేతికి అలాంటిదేం పెట్టించుకోలేదు. ఎందుకు పెట్టించుకోలేదో కూడా చెబుతాను.

ముందు నాయన సంగతి.

*

మా నాయన డప్పు కొట్టేవాడు. గుంటూరు జిల్లాలో మా చుట్టుపక్కల పది ఊళ్లలో ఆయన దరువు తెలియని మనిషి లేడు. నాకు ఏడెనిమిదేళ్లప్పుడు ఆయన ఎడమ చేతిలో చిటికెన పుల్ల మాట వినడం మానేసింది. ఒక దెబ్బ వెయ్యాల్సిన చోట రెండు పడేవి. కుడి చేతి చిర్రతో గట్టిగా కొట్టేటప్పుడు తేడా తెలిసేది కాదు. సన్నటి దరువు దగ్గరే దొరికిపోయేవాడు. మేళంలో పెద్దవాళ్లు ఒకటి రెండుసార్లు చూసి, "తాళం తప్పుతోందిరా, ఇంటికాడ ఉండు" అన్నారు. అలా అన్నది మనవాళ్లే.

ఊళ్లో టీ కొట్టు దగ్గర మాకు వేరే గ్లాసులు ఉండేవి. చూరు కింద బోర్లించి పెట్టిన గ్లాసు మనమే తీసుకుని, కడుక్కుని, చాచి పట్టుకోవాలి. కొట్టువాడు తగలకుండా పైనుంచి పోస్తాడు. చాచి పట్టుకుంటేనే నాయన చెయ్యి ఎక్కువ వణికేది. కాలే టీ వేళ్ల మీద పడేది. "పొద్దున్నే పట్టించావా?" అని బల్లల మీద కూర్చున్నవాళ్లు నవ్వేవాళ్లు. కొన్నాళ్లకు నాయన టీ తాగడం మానేశాడు. "పైత్యం చేస్తంది" అని చెప్పేవాడు. ఆయనకు టీ అంటే ప్రాణమని మా అమ్మకు తెలుసు.

ఒకసారి ఒక ఆసామి పొలంలో ఆయిల్ ఇంజన్ పోయింది. గూడెంలో నలుగురిని స్టేషన్‌కు పిలిచారు. అందరినీ చేతులు ముందుకు చాపి నిలబడమన్నారు. మిగతా ముగ్గురి చేతులు నిలబడ్డాయి. "నిజం చెప్పేవాడివైతే చేతులెందుకు వణుకుతున్నాయిరా?" అన్నాడు అక్కడి ఎస్సై. ముగ్గురిని పంపించారు. నాయనను రెండు రోజులు ఉంచారు. ఆ ఇంజన్ తర్వాత ఆసామి బంధువుల ఇంట్లోనే దొరికింది. అప్పటికి నాయన ఒంటి మీద వాతలు తేలాయి.

నాయన తాగేవాడా? తాగేవాడు. ఈ మాట దాస్తే నేను చెప్పేదంతా అబద్ధం అయిపోతుంది. కానీ ఎందుకు తాగేవాడో నాకు ముప్పై ఎనిమిదేళ్లు వచ్చాక, ఒక డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు అర్థమైంది. గుక్కెడు సారా పడితే ఆయన చెయ్యి నిలబడేది. గంటో, రెండు గంటలో. ఆ కాసేపట్లోనే గడ్డం గీసుకునేవాడు, నా చొక్కాకు గుండీ కుట్టేవాడు. దిగగానే వణుకు ముందుకంటే ఎక్కువయ్యేది.

1993లో సారా ఆపారు. 1995లో మొత్తం మద్యమే నిషేధించారు. మా అమ్మలాంటి ఆడవాళ్లు కొట్లాడి తెచ్చుకున్న నిషేధం అది, దాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ నాయనకు చుక్క దొరకని ఆ రోజుల్లో చెయ్యి ఇంకా బాగా బయటపడింది. "చూశావా, మందు లేక ఎట్టా కొట్టుకుంటన్నాడో" అన్నారు. తాగితే తాగుబోతు. తాగకపోయినా తాగుబోతే. 1998లో పోయాడు. పోయేదాకా ఆయనకు ఉన్నది ఒక జబ్బు అని ఎవరూ చెప్పలేదు. ఆయనకూ తెలియదు.

*

ఆ జబ్బు పేరు ఎసెన్షియల్ ట్రెమర్.

పేరు వినగానే పార్కిన్సన్స్ అనుకోకండి. చాలామంది డాక్టర్లే మొదట్లో పొరపడతారు. తేడా సులువు. పార్కిన్సన్స్‌లో ఎక్కువగా చెయ్యి ఒళ్లో ఊరికే ఉన్నప్పుడు వణుకుతుంది. దీంట్లో చెయ్యి పని చేసేటప్పుడు వణుకుతుంది. గ్లాసు ఎత్తేటప్పుడు, అన్నం ముద్ద నోటి దాకా తెచ్చేటప్పుడు, సంతకం పెట్టేటప్పుడు, చేతులు ముందుకు చాపి నిలబడమన్నప్పుడు. భయపడితే, అవమానపడితే, పదిమంది చూస్తుంటే ఎక్కువవుతుంది. ఆ స్టేషన్‌లో నాయన చేతులు ఎందుకు అంత వణికాయో ఇప్పుడు మీకు తెలిసింది.

ఇది అరుదైన జబ్బేం కాదు. అరవై ఐదు దాటినవాళ్లలో వందకి నలుగురైదుగురికి ఉంటుంది. చిన్న వయసులోనూ మొదలవుతుంది. చాలా కుటుంబాల్లో తరం నుంచి తరానికి వస్తుంది. అలా వచ్చే ఇళ్లలో తల్లికో తండ్రికో ఉంటే, ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం. మద్యంతో కాసేపు తగ్గడం కూడా ఈ జబ్బు ఉన్న చాలామందిలో కనిపించేదే. అది వైద్యం కాదు. మత్తు దిగాక వణుకు తిరగబడుతుంది. నాయన బతుకే దానికి సాక్ష్యం.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. మనలో కొందరు ఏ బాధనైనా నేరుగా కులానికి కట్టేస్తారు. ఈ వణుకు కులం వల్ల రాలేదు. హాలీవుడ్ నటి కాథరిన్ హెప్‌బర్న్‌కు కూడా ఇదే వణుకు. నాలుగుసార్లు ఆస్కార్ అందుకున్న మనిషి. తల వణుకుతుండగానే సినిమాల్లో నటించింది. ప్రపంచం దాన్ని వయసు అనుకుంది, జబ్బు అనుకుంది. మా నాయన చేతిని తాగుడు అనుకున్నారు, దొంగతనం అనుకున్నారు. వణుకు ఒకటే. దాన్ని చదివే కళ్లు వేరు. కులం ఉన్నది ఆ చదవడంలో.

*

నాకు బీఎడ్ చేసేటప్పుడు మొదలైంది. దాచాను. డీఎస్సీలో ఉద్యోగం వచ్చింది. నల్లబల్ల మీద పెద్ద పెద్ద అక్షరాలు రాసేవాణ్ని. పెద్దగా రాస్తే వణుకు కనబడదు. ఫంక్షన్లలో భోజనానికి కూర్చునేవాణ్ని కాదు. బ్యాంకులో సంతకం కలవడం లేదని మూడుసార్లు వెనక్కి పంపారు. మా నాయన వేలిముద్ర వేసేవాడు. నేను ఎమ్మే చదివి, సంతకం వచ్చీ, వేలిముద్ర వెయ్యాల్సి వచ్చింది. ఆ రోజు ఇంటికి వచ్చి ఏడ్చాను.

సభల్లో మాత్రం "ఆవేశం వచ్చి చేతులు వణుకుతున్నాయి" అనుకునేవాళ్లు. నేనూ కాదనలేదు. అదీ ఒక దాపరికమే.

2013లో మా ఆవిడ బలవంతం మీద న్యూరాలజిస్ట్ దగ్గరికి పోయాను. ఆయన ఒక తెల్లకాగితం ఇచ్చి, నత్త గుల్ల మీద ఉండేలాంటి చుట్ల గీత గియ్యమన్నాడు. గీశాను. రంపం పళ్లలా వచ్చింది. "మీ ఇంట్లో ఇంకెవరికన్నా ఉందా?" అన్నాడు. మా నాయనకు అన్నాను. "ఆయన కొంచెం తాగితే తగ్గేదా?" అన్నాడు.

నేను ఏమీ మాట్లాడలేకపోయాను. నాయన పోయిన పదిహేనేళ్లకు ఒక మనిషి మొదటిసారి సరైన ప్రశ్న అడిగాడు.

మందులు ఇచ్చారు. ప్రొప్రనొలాల్ అని బీపీకి, గుండెకు వాడే మాత్ర. తర్వాత ప్రిమిడోన్ అని మూర్ఛకు వాడేది. చాలామందికి వీటితోనే బతుకు సాఫీగా నడుస్తుంది. ఆస్తమా ఉన్నవాళ్లు మొదటిది వాడకూడదు, డాక్టర్‌కు ముందే చెప్పాలి. నాకు మొదట తగ్గింది. మూడేళ్లకు మళ్లీ వచ్చింది. డోసు పెంచితే తగ్గడం, కొన్నాళ్లకు మళ్లీ రావడం. నా కథంతా ఇంతే, గుర్తుపెట్టుకోండి. తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. చివరికి సుద్దముక్క పట్టుకోలేని స్థితి వచ్చింది. అప్పుడు చెప్పారు డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్ గురించి. క్లుప్తంగా డీబీఎస్.

*

మా నాయన కొడుకును కాబట్టి నేను దీన్ని డప్పు భాషలో అర్థం చేసుకున్నాను.

వణుకు కూడా ఒక దరువే. సెకనుకు నాలుగు నుంచి పన్నెండు దెబ్బలు. మెదడు వెనక కింద చిన్నమెదడు ఉంటుంది. మెదడు నడిమధ్యలో థాలమస్ అనే జంక్షన్ ఉంటుంది. చేతిని నడిపే కబురు చిన్నమెదడు నుంచి ఈ జంక్షన్ మీదుగా పైకి పోతుంది. ఆ దారిలో ఒక తప్పుడు దరువు పట్టుకుంటే చెయ్యి దానికి తగ్గట్టు ఆడుతుంది.

వెనకటి రోజుల్లో ఈ జంక్షన్‌లో చిన్న ముక్కను కాల్చేసేవాళ్లు. వణుకు ఆగేది. కానీ కాలిన ముక్క తిరిగి రాదు. రెండు వైపులా కాల్చితే మాట పడిపోయే ప్రమాదం. కాల్చే ముందు సరైన చోటో కాదో చూడటానికి సన్నగా కరెంటు ఇచ్చేవాళ్లు. 1987లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో బెనబిడ్ అనే సర్జన్ గమనించింది ఏంటంటే, ఆ కరెంటు సెకనుకు వంద దాటి కొడితే కాల్చకుండానే వణుకు ఆగిపోతోంది. కరెంటు తీసేస్తే మళ్లీ వస్తోంది. అయితే కాల్చడం ఎందుకు? తీగను అక్కడే ఉంచేసి, గుండెకు పెట్టే పేస్‌మేకర్ లాంటి బ్యాటరీతో ఎప్పుడూ నడిపిస్తే సరిపోతుంది కదా? అమెరికాలో ఈ జబ్బుకు 1997లో అనుమతి ఇచ్చారు. బెనబిడ్‌కు 2014లో లాస్కర్ అవార్డు వచ్చింది.

తప్పుడు తాళం నాలుగూ ఐదూ కొడుతుంటే, దాని మీద సెకనుకు 130 దెబ్బల దరువు పడితే ఆ తాళం నిలబడదు, చెదిరిపోతుంది. నాకు అర్థమైన డీబీఎస్ అది.

2018లో హైదరాబాద్‌లో చేయించుకున్నాను. గుండు చేశారు. తలకు ఇనప చట్రం, నాలుగు చోట్ల మరలు బిగించారు. అక్కడ మత్తు సూదులు ఇస్తారు. బిగుసుకున్నట్టు ఉంటుంది, అంతే. పుర్రెకు బొటనవేలి గోరంత చిల్లు పెడతారు. ఆ చప్పుడు మాత్రం మర్చిపోలేను. మెదడుకు నొప్పి తెలియదు. మనిషి మెలకువగానే ఉంటాడు. ఉండాలి కూడా, ఎందుకంటే మనం చెబితేనే వాళ్లకు తెలుస్తుంది.

సన్నటి తీగ లోపలికి దిగుతుంటే అక్కడి కణాల చప్పుడు స్పీకర్‌లో వినిపించారు. చిటపటలాడుతూ వాన చినుకుల్లా ఉంది. ఒక చోట అది మారింది. డుబడుబడుబ అని ఒక తాళం. నా చెయ్యి ఎలా వణుకుతోందో అచ్చం అదే తాళం. "ఇదే మీ చోటు" అన్నారు. బల్ల మీద పడుకుని నా వణుకును నేను చెవులతో విన్నాను. అది మా నాయన దరువే అనిపించింది.

కరెంటు ఇచ్చి, "చెయ్యి చాపండి" అన్నారు. నా చెయ్యి గాల్లో ఆగింది. నీళ్ల గ్లాసు ఇచ్చారు, చుక్క ఒలకలేదు. మాట సరిగ్గా ఉందో చూడటానికి ఏదైనా చెప్పమన్నారు. కొందరు నెలల పేర్లు చెబుతారట, కొందరు దేవుడి స్తోత్రం. నేను రాజ్యాంగ పీఠిక చెప్పాను. కరెంటు పెంచినప్పుడు ఒకచోట నాలుక మొద్దుబారింది. సరిగ్గా సౌభ్రాతృత్వం దగ్గర. డాక్టర్ కంగారుపడి తగ్గించాడు. "అది మామూలప్పుడే నోరు తిరగని మాట సార్" అన్నాను. తలకు చట్రంతో, చిల్లుతో అందరం నవ్వుకున్నాం.

మినసోటా ఆర్కెస్ట్రాలో రోజర్ ఫ్రిష్ అనే వయొలిన్ వాద్యకారుడు ఉండేవాడు. ఆయనకూ ఇదే వణుకు. ఆపరేషన్ బల్ల మీద వయొలిన్ వాయిస్తూ తీగ సరైన చోట ఉందో లేదో డాక్టర్లకు చూపించాడు. ఆ వీడియో చూసినప్పుడు ఆయన మీద నాకు అసూయ లేదు. ఒక కళాకారుడి చెయ్యి దక్కింది, సంతోషం. మా నాయన కూడా చిటికెన పుల్లతో ఆ బల్ల మీద పడుకుని ఉంటే అని మాత్రం అనుకున్నాను.

*

ఇక్కడితో ఆపితే ఇది విజయగాథ. మన పేజీలో అలాంటివి బాగా షేర్ అవుతాయి. కానీ అసలు సంగతి ఇక్కడి నుంచే.

ఆపరేషన్ అయిన వారం దాకా బ్యాటరీ ఆన్ చెయ్యకుండానే నా చెయ్యి నిలకడగా ఉంది. మూడో వారం వణుకు మళ్లీ వచ్చింది. అప్పు చేసి తల చిల్లు పెట్టించుకున్నాను, అంతా పోయిందనుకున్నాను. తీగ దిగినప్పుడు అయిన చిన్న గాయం వల్ల కొన్నాళ్లు తగ్గడం మామూలేనని, గాయం మానితే తిరిగి వస్తుందని, ఇప్పుడు ఆన్ చేస్తామని డాక్టర్ చెప్పాడు. ముందే చెప్పి ఉంటే నాకు ఆ నిద్రలేని రాత్రులు తప్పేవి.

ఆన్ చేశారు. రెండున్నరేళ్లు రాజాలా బతికాను. టీ కొట్టులో నిలబడి, గ్లాసు అంచు దాకా పోయించుకుని తాగేవాణ్ని. బల్ల మీద చిన్న అక్షరాలు రాశాను.

2021 నుంచి మెల్లగా మళ్లీ మొదలైంది. జబ్బు తన దారిన తాను ముదురుతుంది. దానికి తోడు, కొందరిలో మెదడు ఆ కరెంటుకు అలవాటు పడుతుంది. కరెంటు పెంచితే చెయ్యి నిలబడేది, నాలుక తడబడేది. చూశారా మెలిక? చెయ్యి కావాలంటే గొంతు ఇవ్వాలి. గొంతు కావాలంటే చెయ్యి ఇవ్వాలి. నేను బడిలో రాసి బతుకుతాను, సభలో మాట్లాడి బతుకుతాను.

నాలుగైదుసార్లు హైదరాబాద్ తిరిగి, ప్రోగ్రామ్ మార్పించి, ఒక ఒప్పందానికి వచ్చాం. రాత్రి పడుకునేటప్పుడు రిమోట్‌తో ఆపేస్తాను. అలా ఆపితే మెదడుకు అలవాటు తగ్గుతుంది, బ్యాటరీ కూడా ఆదా. బడి రోజు ఒక ప్రోగ్రామ్, సభ రోజు ఇంకోటి. రెండో వైపు కూడా తీగ పెడితే ఎడమ చెయ్యి కూడా నిలబడుతుందన్నారు. కానీ రెండు వైపులా పెడితే మాట తడబడటం, నడకలో తూలడం వచ్చే అవకాశం పెరుగుతుంది. వద్దన్నాను. కుడి చెయ్యి నా ఉద్యోగానికి. గొంతు మనందరికీ. ఎడమ చెయ్యి నాయనకు వదిలేశాను. వీడియోలో మీరు చూసింది ఆ చెయ్యే.

2022లో ఒక ఉదయం మూడో తరగతి పిల్లలకు ఎక్కాలు రాస్తుంటే సుద్దముక్క ఎగిరిపడింది. బ్యాటరీ అయిపోయింది. అన్నాళ్లు అణిచిపెట్టిన వణుకు ఒక్కసారిగా తిరగబడింది. ఒక పాప వచ్చి రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుంది.

లెక్క చెబుతాను. మొదటి ఆపరేషన్‌కు నాకు ఏడున్నర లక్షలైంది. జీపీఎఫ్, సొసైటీ అప్పు, మా ఆవిడ గాజులు, మీలో కొందరు పంపిన డబ్బు. కొత్త బ్యాటరీకి, అది మార్చడానికి ఇంకో నాలుగు లక్షలు. రీచార్జి చేసుకునే బ్యాటరీ కూడా ఉంది, పదిహేనేళ్ల దాకా వస్తుంది, కానీ మొదటే చాలా ఎక్కువ పెట్టాలి. నాది మూడు నుంచి ఐదేళ్ల రకం. మొదటే ఎక్కువ పెట్టగలిగినవాడికి చివరికి తక్కువ పడుతుంది. అది పెట్టలేనివాడు బతికినంతకాలం కడుతూనే ఉంటాడు. పేదరికం ఎంత ఖరీదో నా ఛాతీలో డబ్బా ఉన్న చోట తడుముకుంటే తెలుస్తుంది.

నేను టీచర్ని, జీతం ఉంది, అప్పు పుట్టింది. మా గూడెంలో కూలికి పోయే మనిషికి ఈ జబ్బు వస్తే? ఒకవేళ ఏ దాతో ఆపరేషన్ చేయించాడనుకోండి, నాలుగో ఏడు బ్యాటరీ ఎవరిస్తారు? ప్రోగ్రామ్ మార్పించుకోవడానికి ఏడాదికి నాలుగుసార్లు నగరానికి ఎవరు తీసుకుపోతారు? డీబీఎస్ అంటే ఒక్క రోజు ఆపరేషన్ కాదు. జీవితకాలం నడవాల్సిన ఏర్పాటు. అందుకే మన డిమాండ్ "ఆపరేషన్ ఉచితంగా చెయ్యండి" అని ఉంటే చాలదు. బ్యాటరీ, ప్రోగ్రామింగ్, దారి ఖర్చులు బతికినంతకాలం ఇవ్వాలి. జిల్లా ఆసుపత్రిలో న్యూరాలజిస్ట్ ఉండాలి. అంతకంటే ముందు, మొదట చూసే డాక్టర్ "తాగుతావా?" అని కాదు, "తాగితే తగ్గుతుందా?" అని అడగడం నేర్చుకోవాలి.

*

ఇప్పుడు విద్యార్థులకు.

మా మేనల్లుడు గ్రూప్-1 రాస్తున్నాడు. మొన్న సంక్రాంతికి వచ్చి, నాతో పాటు అన్నానికి కూర్చోలేదు. "తర్వాత తింటాలే మామా" అన్నాడు. ఆ మాట నాకు తెలుసు. ఇరవై ఏళ్లు నేను అన్న మాటే. కాగితం ఇచ్చి చుట్ల గీత గియ్యమన్నాను. గీశాడు. రంపం పళ్లు. "ఎవరికీ చెప్పకు మామా, తాగుతాడనుకుంటారు" అన్నాడు. వాడు సోడా కూడా తాగడు.

వాణ్ని న్యూరాలజిస్ట్ దగ్గరికి తీసుకుపోయాను. వణికే ప్రతి చెయ్యీ ఈ జబ్బే కాదు. థైరాయిడ్ ఎక్కువైనా వణుకుతుంది, ఆస్తమా పంపు వాడినా, కొన్ని మూర్ఛ మందులు వాడినా వణుకుతుంది. ముందు అవి చూడాలి. మావాడికి నాయన జబ్బే. చిన్న డోసు మాత్ర మొదలుపెట్టారు. వాడికి డీబీఎస్ అవసరం రాకపోవచ్చు. చాలామందికి రాదు.

చట్టం సంగతి. 2016 వికలాంగుల హక్కుల చట్టం జాబితాలో పార్కిన్సన్స్ పేరు ఉంది, మన జబ్బు పేరు లేదు. కానీ వికాస్ కుమార్ అనే సివిల్స్ అభ్యర్థి రాస్తుంటే చెయ్యి కొంకర్లు పోయే సమస్యతో యూపీఎస్సీ మీద సుప్రీంకోర్టుకు వెళ్లాడు. 2021 ఫిబ్రవరిలో కోర్టు తీర్పు ఇచ్చింది. 40 శాతం వైకల్యం ఉంటేనే పరీక్షలో లేఖకుణ్ని ఇస్తామనడం కుదరదు, రాయలేని ఇబ్బంది ఉంటే ఇవ్వాల్సిందేనని. దాని మీద 2022 ఆగస్టులో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. మెడికల్ సర్టిఫికెట్ ఉంటే లేఖకుడు గానీ, అదనపు సమయం గానీ అడగవచ్చు. హాల్ టికెట్ వచ్చాక కాదు, దరఖాస్తు చేసేటప్పుడే అడగండి. నోటిఫికేషన్‌లో ఆ పేజీ వదిలెయ్యకండి. దాస్తే పోయేది మీ మార్కులే.

మావాడు సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టాడు. ఫారం మీద సంతకం వణుకుతూనే చేశాడు. పక్కన నేను ఎడమ చేత్తో కాగితం పట్టుకున్నాను. కాగితమూ వణికింది. క్లర్కు తలెత్తి ఇద్దరినీ చూశాడు. మావాడు నాకంటే ముందు అన్నాడు, "మా తాత నుంచి వచ్చిందండి. జబ్బు. మందు కాదు."

నాయన గురించి ఒక ఆఫీసులో ఆ మాట అన్న మొదటి మనిషి వాడు.

కామెంట్ పెట్టిన తమ్ముడు నిన్న దాన్ని తీసేశాడు. తియ్యకుండా ఉండాల్సింది తమ్ముడూ. దాని కిందే ఈ జవాబు పెడదామనుకున్నాను. ఈసారి సభకు వచ్చినప్పుడు నా పక్కన కూర్చో. టీ తాగుదాం. గ్లాసు ఎడమ చేత్తోనే పట్టుకుంటాను. ఒలికితే ఒలకనీ.

జై భీమ్.